ఎదురంగడి మాస్టరు, వెండి గుడ్డ

మా ఎదురంగడి మాస్టరు పోయాడు. మంగళవారం పొద్దున నేను అంగడి షట్టరు ఎత్తుతుంటే, చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చినామె చెప్పింది.

"నీకింకా తెలీదా అక్కా? మాస్టరు పోయినాడంట. కాఫీ అడిగినాడంట. వాళ్ళ ఇంటామె కలుపుకోని వచ్చేలోపల, గోడకు ఆనుకున్నోడు ఆనుకున్నట్లే ఉన్నాడంట."

షట్టరును సగంలో వదిలేసి రోడ్డుకు అవతల చూశాను. ఆయన అంగడి మూసి ఉంది. నిజం చెప్తున్నాను, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక నా కుట్టు తిరగేసి చూసేవాడు లేడు అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు సిగ్గుపడడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి మంచి మాత్రమే రాస్తే చదివిన మా ఊరివాళ్ళు నవ్వుతారు. ఆయన నోరు మంచిది కాదు. నా నోరూ అంతే. తిరుమణి బస్టాపు దగ్గర రోడ్డుకు అటు ఆయన అంగడి, ఇటు నాది. మధ్యలో ఒక బస్సు పట్టేంత జాగా. ఆ జాగాకు అటూ ఇటూ కూర్చుని తొమ్మిదేళ్ళు ఒకరినొకరు ఓర్చుకోలేకుండా బతికాం.

నాది నాగలమడిక. తిరుమణికి కోడలిగా వచ్చాను. మా చేలు సోలారు కరెంటు ప్లాంటుకు లీజుకిచ్చాక నాకు చెయ్యడానికి పని లేకుండా పోయింది. పావగడలో ఆరు నెలలు టైలరింగ్ తరబేతికి పోయి కుట్టు నేర్చుకుని, ఒక మిషను కొనుక్కుని, దొరికిన గదిలో అంగడి పెట్టాను. ఆ గది ఆయన అంగడికి ఎదురుగా ఉండడం నా తప్పు కాదు. ఆయన మాత్రం అది నా తప్పే అన్నట్టు చూసేవాడు.

తెరిచిన మూడో రోజు రోడ్డు దాటి వచ్చాడు. సన్నటి మనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. నన్ను పలకరించకుండానే హ్యాంగరుకున్న జాకెట్టు తీసి, లోపలి వైపు బయటికి తిప్పి, దానికోసం వచ్చి కూర్చున్నామె ముందు పట్టాడు.

"చూస్తివా? పైన పెండ్లి, లోపల తద్దినం."

ఆమె పక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"మీ అంగడిలో మీ పని చూసుకోండి మాస్టరూ" అన్నాను.

"నా అంగట్లో ఏది తిరగేసినా ఒకటే మాదిరి ఉంటాది. రా, వచ్చి చూసుకో."

నేను పోలేదు. పోయి ఉంటే నా పని అప్పుడే బాగుపడేది. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు కావలసి వచ్చింది.

ఆయన బలసముద్రంవాడు. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, వయసులో బెంగళూరు పోయి, నాటకాలకు వేషాలు కుట్టే ఒక అంగడిలో చేరాడు. రంగుల టీవీ కొత్తగా వచ్చిన కాలంలో ఆ అంగడికి ఒక సీరియల్ పని వచ్చింది. ఆకాశంలో ఓడ వేసుకుని గ్రహాలు తిరిగే మనుషుల కథ. వాళ్ళకు బట్టలు కుట్టింది ఈయనే. తన అంగడికి వచ్చినవాళ్ళకు, అడిగినా అడగకపోయినా ఆ సంగతులు చెప్పేవాడు. గొంతు పెద్దది, రోడ్డు చిన్నది. నా మిషను చప్పుడులో కూడా అన్నీ వినపడేవి.

సీరియల్ తీసే ఆయన విదేశాల పాత సీరియళ్ళ టేపులు తెచ్చి, అట్లాంటి బట్టలు కావాలని ఈయనను ముందు కూర్చోబెట్టాడట. ఈయన కథ చూడలేదు, చొక్కాలు చూశాడు. ఏ వారంలో ఏ చొక్కా ఉతికితే కుంచించుకుని నడుం పైకి పోయిందో చెప్పగలిగేవాడు. ఏ రాణి కిరీటం వంటింటి ప్లాస్టిక్ జల్లెడతో చేశారో కనిపెట్టేవాడు. వాటిని చూసి తనూ నేర్చుకున్నాడు. దోమతెరకు పచ్చరంగు వేసి మూడు మడతలు పెడితే వేరే గ్రహం ఆడది తయారు. ఇడ్లీ ప్లేటుకు వెండిరంగు కొడితే మరమనిషి ఎదురొమ్ము. నైలాను వేస్తే నడిచినప్పుడు గరగరమని మైకులో వినపడి సౌండాయన తిడతాడు, కాబట్టి తొడల మధ్య మాత్రం నూలుగుడ్డ వెయ్యాలి. ఇట్లాంటివి ఆయన దగ్గర ఎన్ని ఉండేవో లెక్క లేదు.

పొగడడం మాత్రం ఆయన నోట వినలేదు. ఆ టేపుల్లోని బట్టల మీద కూడా కోపమే.

"మొగోళ్ళకేమో మెడదాకా గుడ్డ, ఆడోళ్ళకు తొడదాకా. ఆకాశంలో చలి ఆడోళ్ళకు తగలదా?" అనేవాడు. "ఇంగొకటి చెప్తా విను. వెయ్యేండ్ల తర్వాత వచ్చే మనిషంట, ఒంటి మీద ఒక జేబు లేదు. జేబు లేకుంటే చెయ్యి యాడ పెట్టుకుంటాడు? పని లేనోడు గీసిన బొమ్మ అది."

ఆ కసితోనేమో, తను కుట్టే ప్రతిదానికీ జేబు పెట్టేవాడు. లంగాలకూ, నైటీలకూ, చంటిపిల్లల చొక్కాలకూ. ఆడవాళ్ళకు అది ఎంతో నచ్చేది. నన్నూ పెట్టమని అడిగేవాళ్ళు. ఆయన పెడతాడు కాబట్టి నేను పెట్టనని మొండికేసి, వచ్చిన పని పోగొట్టుకున్నాను.

ఇంకో అలవాటు. చీర మీదికి జాకెట్టు గుడ్డ చూపిస్తే వెంటనే ఏమీ అనడు. కళ్ళు సగం మూసుకుని కూర్చుంటాడు. కొత్తవాళ్ళు కునుకు తీస్తున్నాడనుకునేవాళ్ళు. సీరియల్ పని చేసిన రోజుల్లో ఎక్కువ ఇళ్ళలో ఉన్నవి నలుపు తెలుపు టీవీలే. రంగులో ఎంత తేడా ఉన్నా ఎరుపూ ముదురాకుపచ్చా వాటిలో ఒకే నలుపుగా కనపడతాయట. కళ్ళు సగం మూస్తే గుడ్డలోని రంగు పోయి ముదురు లేతల తేడా మాత్రం మిగులుతుందని, అది చూసి గుడ్డలు ఏరేవాడట. టీవీ పని పోయినా కన్ను ఆ అలవాటు మరవలేదు.

నీలి నడికట్టు సంగతి చెప్పేటప్పుడు అందరూ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. నీలిరంగు తెర ముందు మనిషిని నిలబెట్టి తీసి, తర్వాత ఆ నీలం ఉన్నచోటల్లా చుక్కల ఆకాశం అతికించేవాళ్ళట. ఆ సంగతి ఈయనకు ఎవరూ చెప్పలేదు. నాయకుడి వేషానికి అందంగా ఉంటుందని నీలి నడికట్టు కుట్టాడు. టీవీలో చూస్తే నడుం ఉండాల్సిన చోట చుక్కలు. పై సగం ఒకచోట, కింది సగం ఒకచోట.

"అందరి ముందర నన్ను తిట్టినారు. నీలం వద్దని ఒక్క మాట ముందే చెప్పుంటే సరిపోయేది. చెప్పరు. కుట్టేవాడికి ఏమీ చెప్పరు" అనేవాడు.

ఆ సీరియల్‌లో ఒక వారం పని మా వైపే జరిగింది. బలసముద్రం దాపున బండల మీద. అక్కడ వెండి బట్టలు వేసుకున్న నటుడొకడు పడిపోయాడు, ఆ తర్వాత ఈయన బెంగళూరు వదిలి వచ్చేశాడు. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గేది. "పడిపోయినాడు" అని ఆపేసి, కత్తెర అందుకునేవాడు.

ఆ ఆగిపోయిన చోటే నేను ఒక పాపం చేశాను.

మా వీధిలో ఒక పెళ్ళివారు తమ జాకెట్లన్నీ నాకు ఒప్పజెప్పారు. మొదటిది కుట్టి ఇచ్చాను. వాళ్ళ పెద్దామె బస్సు కోసం నిలబడి ఉంటే ఈయన దాన్ని అడిగి తీసుకుని, తిరగేసి, చేతి పట్టీ దగ్గర వేలు పెట్టి చూపించాడు. మిగిలిన గుడ్డలన్నీ మర్నాడు రోడ్డు దాటి ఆయన దగ్గరికి పోయాయి. ఆ సాయంత్రం కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ పక్కనామెతో అన్నాను.

"ఆయప్ప బెంగళూరు వదిలి ఎందుకొచ్చినాడో తెలుసునా? ఒక మనిషిని గుడ్డలో పెట్టి, ఊపిరాడకుండా కుట్టేసి చంపినాడంట."

అంతే అన్నాను. బిందె నిండింది, ఎత్తుకుని ఇంటికొచ్చాను. వారం తిరక్కముందే ఆ మాట బలసముద్రం దాకా పోయి, కాళ్ళూ చేతులూ మొలిపించుకుని నా దగ్గరికే వచ్చింది. పోలీసులు పట్టుకున్నారనీ, జైలు నుంచి వచ్చాకే మిషను పెట్టాడనీ. నేను కాదనలేదు. పిల్లల బట్టలు ఆయనకిచ్చే తల్లులు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నాకు పని పెరిగింది.

రెండేళ్ళు పోయాక సోలారు ప్లాంటు పని వచ్చింది. సోలారు పలకల కింద గడ్డి పీకే ఆడవాళ్ళకు, పలకలు తుడిచే ఆడవాళ్ళకు కోట్లు కుట్టాలని ఒక కాంట్రాక్టు సూపర్‌వైజరు వచ్చాడు. గుడ్డ వాళ్ళదే. వెండిలా మెరిసే గుడ్డ, తడిమితే చేప పొలుసులా జారుతుంది. దాని మీద పడిన ఎండ వెనక్కి పోతుందని, లోపల చల్లగా ఉంటుందని అతను చెప్పాడు. మెడదాకా కాలరు, మెడ నుంచి మోకాలి దాకా జిప్పు. అట్లాంటివి ముప్పై. నా జీవితంలో అంత పెద్ద పని అదే మొదటిది. ఆ గుడ్డ తాను తెచ్చి బల్ల మీద పరిచి, బస్టాపులో ఉన్నవాళ్ళందరికీ కనపడేట్టు తలుపు బార్లా తెరిచాను.

ఆయన వచ్చాడు. గుడ్డ కొస పట్టుకుని నోటికి ఆనించుకుని గట్టిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి కానీ గాలి అవతలికి రాలేదు.

"దీన్ని కుట్టొద్దు" అన్నాడు.

"ఎందుకు కుట్టకూడదు?"

"గాలి పోదు. ఇది కెమెరా ముందర నిలబడేదానికి పనికొస్తాది, ఎండలో నిలబడేదానికి కాదు. నేను కుట్టి చూసినాను, నా మాట విను."

"మీకు రాలేదని కడుపు మంట మాస్టరూ. మీరు కుట్టి ఏం చేసినారో ఊరంతా అనుకుంటాండారులే."

ఆయన గుడ్డ వదిలేశాడు. నా ముఖం వైపు ఒకసారి చూశాడు. రోడ్డు దాటిపోయాడు. ఆ చూపును నేను గెలుపు కింద జమ కట్టుకున్నాను.

ముప్పై కోట్లూ కుట్టాను. వాటిలో ఒకటి మా ఆడబిడ్డకు. నా పెనిమిటి చెల్లెలు, నాకంటే చిన్నది, ఆ ప్లాంటులోనే కూలికి పోయేది. కోటు తొడుక్కుని అద్దం ముందు తిరిగి, "వదినా, టీవీలో వచ్చేదాని మాదిరి ఉండానే" అని మురిసిపోయింది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ప్లాంటు నుంచి ఆటో వచ్చి మా రెండు అంగళ్ళ మధ్య ఆగింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు మా ఆడబిడ్డను పట్టుకుని కూర్చున్నారు. ముఖం కందగడ్డలా ఉంది. కళ్ళు తేలేసింది. చెయ్యి పట్టుకుంటే కాలింది. రోడ్డు పక్క నీడలో పడుకోబెట్టి కోటు విప్పబోయాను. జిప్పు కదలలేదు. దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి లాగితే దాని నాలుక ఊడి నా చేతిలోకి వచ్చింది. కాలరు మెడకు పట్టుకుని ఉంది. నేను కుట్టిన కాలరు, రెండు వరసలు కుట్టింది.

"పక్కకు జరుగు!"

ఆయన చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు, చేతిలో పెద్ద కత్తెర. గుడ్డ తప్ప ఇంకేదీ తగలనివ్వని కత్తెర అది. ఎడమ అరచెయ్యి కాలరు లోపలికి దూర్చి, ఒంటికీ గుడ్డకూ మధ్య అడ్డం పెట్టి, మెడ నుంచి నడుం దాకా కోసుకుంటూ పోయాడు. తెరిచేసరికి లోపలి నుంచి వేడి కొట్టింది, అన్నం గిన్నె మూత తీసినట్టు.

"నీళ్ళు తల మీద కాదు, చంకల్లో పొయ్యండి. మెడకు పొయ్యండి. విసరండమ్మా ఎవురైనా!"

నేను నా కొంగుతోనే విసిరాను. కొంతసేపటికి మా ఆడబిడ్డ కళ్ళు తెరిచింది. తన ఒంటి మీది చీలికను తడుముకుని, "కోటు చింపినారా వదినా? సూపర్‌వైజరు తిడతాడే" అంది.

ఆ మాటకు ఆయన లేచి తన అంగడిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆమెను పావగడ ఆసుపత్రికి తీసుకుపోయి గ్లూకోజు ఎక్కించాం. మర్నాటికి తేరుకుంది.

ఆ మర్నాడే తొలిసారి నేను రోడ్డు దాటి ఆయన అంగడి గడప తొక్కాను. ఆయన గుడ్డ కత్తిరిస్తున్నాడు, తల ఎత్తలేదు.

"మాస్టరూ..." అన్నాను.

"కూర్చోవద్దు. నిలబడే విను. ఆ వేషం కట్టినోడు చచ్చిపోలేదు."

కత్తెర ఆపకుండానే చెప్పాడు. బండల మీద షూటింగు రోజు, వీపు మీద జిప్పు గీత కనపడకూడదని పైనుంచి చెప్పారట. అందుకని నటుడికి వెండి రెక్సిను సూటు తొడిగి, వీపును సూదితో కుట్టేశాడు. "వద్దని నా నోట్లోదాకా వచ్చింది. చెప్పలేదు. పెద్దోళ్ళు కదా, తెలిసే చెప్తాండారనుకున్నా." ఆ రోజు ఆయన తండ్రి ఆ బండల దగ్గరే గొర్రెలు మేపుకుంటున్నాడు. గొర్రెలు కెమెరాలో పడుతున్నాయని, ఈ గ్రహం మీద ప్రాణులే లేవని, ముసలాయన్ని తోలేయమన్నారు. కొడుకే పోయి చెప్పాల్సి వచ్చింది. "నాయనా, గొర్రెల్ని తోలుకోని అవతలికి పో అన్నాను. యాల పోవల్ల రా అన్నాడు. ఈడ ఎవురూ లేనట్టు తీయల్లంట అన్నాను. మనం ఉండాము గదా అన్నాడు."

గంట తిరక్కముందే నటుడు పడిపోయాడు. ఈయన కుట్లు విప్పబోయాడు. దారం తెగలేదు. వాళ్ళ నాయన గుట్ట అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి, తన దగ్గరున్న కొడవలితో వీపు మీది సూటు చీల్చి, సొరబుర్రలో మిగిలిన మజ్జిగ తాగించాడు. నటుడు బతికాడు. తప్పు మాత్రం కుట్టినవాడిదే అన్నారు.

"బతికినాడు, కానీ చచ్చిపోయి ఉన్నా ఎవురూ ఆశ్చర్యపోకూడదు. నేను కుట్టిన కుట్టు అట్లాటిది. ఇంగ ఆ చంపినాడనే మాట ఎవురు పుట్టించినారో నేను అడగను" అని, అప్పుడు కత్తెర కింద పెట్టి నా వైపు చూశాడు.

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. "కోట్లు ఏం చేద్దాం మాస్టరూ?" అని మాత్రం అడిగాను. నా పిరికితనాన్ని ఆయన గుర్తుపట్టాడు. ముఖం తిప్పుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

చంకల నుంచి నడుం దాకా వెండి గుడ్డ కోసేసి, పాత నూలు చీరల గుడ్డ వెయ్యాలి. ఉతికి ఉతికి పలచబడినదై ఉండాలి, కొత్తది పనికిరాదు. కాలరు తీసెయ్యాలి. జిప్పు పీకి, ఒక్క లాగుకు ఊడిపోయే ముడితో నాడాలు పెట్టాలి. నీళ్ళ సీసా పట్టే జేబు పెట్టాలి. "సూపర్‌వైజరు ఒప్పుకుంటాడా?" అన్నాను. "చంకలో ఏముందో కెమెరాకు కనపడదు. సూపర్‌వైజరుకూ కనపడదు. తొడుక్కున్నోళ్ళకు తెలుస్తాది" అన్నాడు.

ఆడవాళ్ళందరూ ఇళ్ళ నుంచి పాత చీరలు తెచ్చారు. ఆయన కత్తిరించాడు, నేను కుట్టాను. ఆయన నా అంగడికి రాడు, నేను మళ్ళీ ఆయన అంగడికి పోను. ఇంట్లో ఉండి కోలుకుంటున్న మా ఆడబిడ్డే కోట్లు అటూ ఇటూ మోసింది. బాగాలేకపోతే ఆయన కోటును ఆమెతో పంపించి ఊరుకునేవాడు కాదు. "మళ్ళా విప్పు! లోపల ముడులు ఉండాయి, ఒరుసుకుంటాయి! ఒళ్ళు ఎవురిదనుకున్నావు?" అని బస్టాపంతా వినేట్టు అరిచేవాడు. నేనూ అరిచేదాన్ని. బస్సు కోసం నిలబడినవాళ్ళకు వినోదం. కానీ విప్పాను. ఒకే కోటును నాలుగుసార్లు విప్పాను. లోపలి కుట్టంటే ఏమిటో నాకు ఆ పది రోజుల్లోనే తెలిసింది.

సూపర్‌వైజరు చూడనే చూశాడు. యూనిఫాం పాడు చేశారని గంతులేశాడు. మా ఆడబిడ్డ కోసిపడేసిన తన పాత కోటు తెచ్చి అతని ముందు పెట్టి, "ఇదే కావల్లంటే నువ్వు తొడుక్కోని సాయంత్రం దాకా పలకలు తుడువు సార్, మేము నీడలో కూర్చోని చూస్తాము" అంది. మిగిలిన ఆడవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. అతను ఫోన్లు చేశాడు. చివరికి ఊరుకున్నాడు.

దాని తర్వాత మేమిద్దరం కలిసిపోయామనుకుంటున్నారా? లేదు. "ఆమె చంపబోయింది, నేను బతికించినాను" అని ఆయన చెప్పుకునేవాడు. "కత్తిరించడం ఎవరైనా కత్తిరిస్తారు" అని నేను చెప్పుకునేదాన్ని. మేపు భూముల చుట్టూ కంచెలు పడ్డాక బలసముద్రంలో ఆయన తమ్ముడు గొర్రెలు అమ్ముకున్నాడు. నేను ఊరికే మాటవరసకు అయ్యో అన్నాను. "ఒకసారి మా నాయన్ని తోలినారు. ఇది రెండోసారి. నీ సానుభూతి నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. అంతటి చేదు ఆయనది.

మంగళవారం మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. పంచలో ఆయనను పడుకోబెట్టారు. ఆయన భార్య తల దగ్గర కూర్చుని ఉంది. ఊరివాళ్ళు గోడ వెంట కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నాకు తెలియని ఒకామె, పక్క ఊరి నుంచి వచ్చినట్టుంది, పక్కనామె చెవిలో అంటోంది.

"పాపం, మంచి పనోడే. కానీ బెంగళూరులో ఒకణ్ణి గుడ్డలో కుట్టి చంపినాడంట గదా?"

నేను కొళాయి దగ్గర అన్న మాట. పెద్దగా మారనైనా లేదు. శవం ముందు కూర్చుని ఉంది.

లేచి నిలబడ్డాను. ఎట్లా లేచానో నాకు తెలియదు. "చంపలేదు" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "ఆ మనిషి బతికే ఉన్నాడు. చంపినాడనే మాట నేను పుట్టించినాను. నాకు రావల్సిన పని ఆయనకు పోయిందని కోపంతో కొళాయి దగ్గర చెప్పినాను. అబద్ధం. ఆయన ఎవరినీ చంపలేదు. మా ఆడబిడ్డను బతికించినాడు."

ఆయన భార్య తల ఎత్తింది. ఆమె కళ్ళలో ఆశ్చర్యం లేదు.

"ఆయనకు తెలుసు" అంది. "నువ్వేనని మొదటి రోజే తెలుసు. ఆ మాట వచ్చినంక పావగడలో ఆడపిల్లలకు తరబేతి ఇచ్చే పనికి రమ్మన్నోళ్ళు మళ్ళా పిలవలా. నలుగురికి నేర్పించి పోవల్లని చానా ఉండె ఆయనకు. ఒక్కరికీ నేర్పించలా." ఆయన మీది గుడ్డ సరిచేసి, "ఇప్పుడు చెప్తే ఎవురికి వినపడల్ల? కూర్చో. లేదంటే పో" అంది.

నేను కూర్చున్నాను. ఎత్తే దాకా కూర్చున్నాను. ఆమె మళ్ళీ నా వైపు చూడలేదు. క్షమించమని నేను అడగలేదు. ఇవ్వాల్సినాయన లేడు, ఆమె ఇవ్వాల్సిన అవసరమూ లేదు.

పన్నెండో రోజు ఆయన భార్య ఆ అంగడి తలుపు తీసింది. లోపల మిగిలిన గుడ్డలను ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. ఆయన కత్తిరించి, కుట్టకుండా మిగిలినవి, ముక్కలు ముక్కలుగా చుట్టి నూలుదారంతో కట్టినవి. అట్లాంటి మూట ఒకటి పట్టుకుని, పలకలు తుడిచే ఆడవాళ్ళలో ఒకామె నా దగ్గరికి వచ్చింది. జాకెట్టు. ముదురాకుపచ్చ నూలు.

"కత్తిరించి పెట్టినాడు అక్కా. కుట్టి ఇస్తావా? పొద్దు గూకేలోపల కావల్ల."

ముక్కలు బల్ల మీద పరిచాను. లోపలి వైపు ఆయన సుద్ద గీతలు ఉన్నాయి, సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా. చంక దగ్గర గీత నేను పెట్టేదానికంటే అర అంగుళం కిందికి పోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. సరిచేద్దామని కత్తెర అందుకున్నాను. చాలాసేపు చేతిలో పట్టుకున్నాను. తర్వాత పక్కన పెట్టేసి, గుడ్డను సూది కింద పెట్టి, ఆయన గీత మీదే పోయాను.

గీత మీద దారం పడుతుంటే సుద్ద రాలుతూ వచ్చింది. వేళ్ళకు అంటుకుంది, మిషను మీద తెల్లగా పడింది. చంక మలుపు తిరిగాక చక్రానికి చెయ్యి అడ్డం పెట్టి మిషను ఆపాను. ఆయన చేతి గీత ఇంకా రెండంగుళాలు మిగిలి ఉంది. ఆకుపచ్చ మీద తెల్లగా, అట్లాగే.

"అయిపోయిందా అక్కా?" అంది ఆమె తలుపు దగ్గర నుంచి.

"ఇంకా కొంచెం ఉండాది" అన్నాను.